తలగుడ్డ తీసిన మనిషి

మా ఊళ్లో మా ఇంటి దొర ఎదుట తలకు గుడ్డ చుట్టుకొని నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. దొర కంటపడగానే చెప్పులు విడిచి చేతపట్టుకోవాలి. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకోవాలి. దొర దాటిపోయేదాకా నడుము వంచి నిలబడాలి. ఆ గుడ్డను మా వైపు రుమాలు అంటారు. ముతక నూలుతో నేసిన పొడుగాటి గుడ్డ అది. ఎండలో నెత్తికి చుట్టుకుంటారు, చలికి కప్పుకుంటారు, రొట్టెలు మూటగట్టుకుంటారు. నాగలి పట్టినవాడైనా, మోట తోలేవాడైనా, మా బాపు గుర్రం చప్పుడు వినగానే ఒక చేత్తో పని ఆపకుండానే రెండో చేత్తో రుమాలు విప్పేసేవాడు. చిన్నతనంలో నాకు అది పొద్దు పొడవడం లాంటి సంగతి. ఎవరో చెబితే జరుగుతున్నదని తోచలేదు.

నేను పెద్దవాణ్ణయ్యే లోపల మా ఇల్లు చితికిపోయింది. దాయాదుల వ్యాజ్యాలు కొంత తిన్నాయి, తాతగారు ఎవరెవరికో పడిన హామీలు మిగిలింది తిన్నాయి. షామీర్‌పేట పక్కనున్న మా ఊరూ, భూములూ, మేముండే గడీ చేతులు మారాయి. బాపూ నేనూ మేడ్చల్‌లో స్టేషను వెనక ఒక అద్దె ఇంట్లో దిగాం. అమ్మ అప్పటికే లేదు. అంత జరిగినా బాపు అంగీకి ఇస్త్రీ మడత చెదరనిచ్చేవాడు కాదు. నేనూ అంతే. ఇప్పటికీ కుర్చీలో వీపు ఆనించి కూచోవడం నాకు చేతకాదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. సికింద్రాబాదు దండులో కట్టడాలకు రాయి కావలసి వచ్చింది. షామీర్‌పేట చెరువు అవతలి గుట్టల్లో పట్నపు గుత్తేదారు ఒకాయన గని తెరిచాడు. అక్కడ తీసిన రాయి ఎడ్లబండ్ల మీద మేడ్చల్ స్టేషనుకు వచ్చి రైలెక్కేది. ఉర్దూ, తెలుగు రెండూ రాయగలిగినవాడు కావాలంటే నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు. బాపు నోట గుమాస్తా అనే మాట ఎన్నడూ రాలేదు. ఎవరైనా అడిగితే, "మావోడు గుట్టల కాడ పని సూపిస్తున్నడు" అనేవాడు.

ఆస్తి పోయాక ఆయనకు మిగిలింది ఒకటే. మా ఊరివాళ్లు ఎక్కడ ఎదురుపడినా ఇంకా రుమాలు విప్పేవారు. మేడ్చల్ సంతలో, స్టేషను దారిలో, పరాయివాళ్లు వింతగా చూస్తుండగా, వాళ్లు తలలు వంచి నిలబడేవారు. అలా ఎవరైనా కనబడిన రోజు బాపు ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

గనిలో రాయి చీల్చేవాళ్లలో మా ఊరివాడు ఒకడుండేవాడు. నాకంటే కొంచెం పెద్ద. మనిషి సన్నం, నోరు పెద్దది. పనిచేసినంతసేపూ ఎవరో ఒకరిని ఆట పట్టిస్తూనే ఉండేవాడు. నన్నూ వదిలేవాడు కాదు గాని, నా దగ్గర ఒక హద్దు మీదే ఆగిపోయేవాడు.

"చిన్నదొరా, మీ కలం పని మంచిగుంటది. తప్పు రాస్తే కొట్టేసి మల్ల రాస్తరు. నా ఉలి తప్పితే బండను అతికిచ్చెటోడు ఎవడు?" అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వకూడదని నా పెంపకం. కాని అతను ఆ మాట అంటాడని చూసేవాణ్ణి.

అంతకు కొన్నాళ్ల ముందు గనిలో ఒక కూలివాడు తల మీద రాయి పడి అక్కడికక్కడే పోయాడు. సర్కారు మనుషులు వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత గుత్తేదారు పనివాళ్లందరికీ తలా ఒక రుమాలు కొని ఇచ్చాడు. దాని మడతల్లో గోనెపట్ట పెట్టి దిండులా మందంగా చుట్టుకోవాలి. గనిలో దిగింది మొదలు పైకి వచ్చేదాకా దాన్ని తీయరాదు, తీసినవాడికి ఆనాటి కూలి లేదు అని హుకుం రాయించాడు. ఆ హుకుంను బండ మీద నిలబడి చదివి వినిపించింది నేనే.

"పండుకున్నప్పుడు గూడ తియ్యద్దా చిన్నదొరా?" అని అడిగాడు మా ఊరివాడు. "గింత బుర్రతోని ఇంటికి పోతే నా పెండ్లాం గుర్తువడ్తదో లేదో."

అందరూ నవ్వారు. హుకుం మాత్రం అందరికీ అర్థమైంది. అతను దాన్ని తప్పగా నేను చూడలేదు, ఆ ఒక్కసారి తప్ప.

ఆ రోజు కీసర దగ్గర మా బంధువు ఒకాయన పోయాడని కబురొచ్చింది. నన్ను తీసుకుపోదామని బాపు కిరాయి బండి కట్టించుకొని నేరుగా గనికి వచ్చాడు. గని అంచున నిలబడి కిందికి చూశాడు. అడుగున మూడు దూలాలు నిలబెట్టి, పైన కప్పీ కట్టి, తాళ్లతో గంపలు పైకి లాగుతున్నారు. రాతిముక్కలు నింపిన గంప ఒకటి సగం దూరం లేచి ఉంది. దాని పక్కన, కిందుగా, మా ఊరివాడు నిలబడి ఉన్నాడు.

అతను తలెత్తి బాపును చూశాడు. చేతిలో సుత్తి కింద పెట్టాడు. రెండు చేతులతో తలగుడ్డ విప్పి, గోనెపట్టతో సహా చంకలో పెట్టుకొని వంగాడు. గంప ఊగింది. పిడికిలి కంటే కొంచెం పెద్ద రాయి ఒకటి జారి అతని నెత్తి మీద పడింది.

అతను కూలబడ్డాడు. పక్కవాళ్లు సుత్తులు వదిలి పరుగెత్తారు. నేను కిందికి దిగేసరికి లేచి కూచున్నాడు. వెంట్రుకల మధ్య కొంచెం నెత్తురు కనిపించింది, అంతే. పైనుంచి బాపు అడిగాడు.

"ఏందిరా, తాకిందా?"

"ఏం లే దొరా," అన్నాడు. "మీ దయ."

ఎవరో నీళ్లు తాగించారు. అతను తనంతట తానే రుమాలు మళ్లీ చుట్టుకున్నాడు. సుత్తి అందుకున్నాడు. అది చూసి నేను బాపుతో కీసర వెళ్లిపోయాను. బండిలో బాపు, "ఊరు పోయినా మంచి మర్యాద పోలె," అన్నాడు.

నేను తిరిగివచ్చిన రోజు అతను పనిలోనే ఉన్నాడు. కాని ఏ బండ మీదా ఉలి నిలవడం లేదు. ఒకచోట పెడతాడు, సుత్తి ఎత్తుతాడు, ఆపుతాడు, ఉలి ఎక్కడ పెట్టాలని పక్కవాణ్ణి అడుగుతాడు. వాళ్లు మొదట అది కొత్త పరాచికం అనుకున్నారు. తర్వాత పక్కవాడి సుత్తి చప్పుడుకు చెవులు మూసుకొని కూచున్నాడు. ఆ తర్వాత ఒకనాడు అదే సుత్తిని తనతో పుట్టిపెరిగిన స్నేహితుడి మీదికి విసిరాడు. తగలలేదు. మేస్త్రీ అతణ్ణి పని మానిపించాడు.

అతని భార్య మేడ్చల్ వచ్చి మా ఇంటి అరుగు కింద నిలబడింది. బాపు లోపల ఉన్నాడు. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కొని, నేల చూస్తూ మొదలుపెట్టింది.

"చిన్నదొరా, మా ఇంట్ల మనిషి మారిండు. ఒళ్లు గదే, లోపట వేరే ఎవడో కూసున్నడు."

"తాగుతున్నడా?"

"గదైతే నేనే తొవ్వల వెడ్తును. రొట్టె మాడి ఇల్లంత పొగ నిండితె పక్కన్నే కూసొని వాసన రాలే అంటడు. వాగు కాడికి పోయి ఇంటి తొవ్వ మర్శిండు. మా చిన్నది సచ్చిపోయినట్టు కలొచ్చిందని నేను ఏడుస్తాంటె పక్కుమని నవ్విండు. ముందు గా మనిషి గట్ల నవ్వెటోడు గాదు. మంది నవ్వేతట్టు మాట్లాడి, తను ఊకుండెటోడు."

"ఊళ్లో ఏమంటున్నరు?"

"గాలి సోకిందంటున్నరు. మా అత్త యాపమండలు దెచ్చి కొట్టిచ్చింది. దెబ్బలకు ఒళ్లు వాసింది గని గాలి పోలె." ఆమె గొంతులో నవ్వు లాంటిదేదో వచ్చి ఆగింది. "రాయి వడ్డ సంది గిట్లున్నడని నేనంటే, నెత్తురే రాలే, గాయమెక్కడిదని నా మీదికొస్తున్నరు."

స్టేషనుకు ఇవతల ఉన్న మిషన్ దవాఖానాకు తీసుకుపొమ్మన్నాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది, తెలుగు క్రైస్తవుల ఆడపడుచు. ఆమె అతణ్ణి చాలాసేపు పరీక్షించింది. కళ్లు మూయించి కిరోసిన్ ముంచిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టింది. నీళ్లన్నాడు. కాసేపటి కింద చెప్పిన చిన్న మాటలు మళ్లీ చెప్పమంది. ఎప్పుడు చెప్పారని ఎదురడిగాడు. ఆమె నన్ను పిలిచి చెప్పింది.

"దెబ్బ పైన లేదండీ, లోపల ఉంది. పుచ్చకాయలు బండిలో వేసుకొని గతుకుల దారిలో తోలుకొస్తే, పైన చెక్కు చెదరదు. కోసి చూస్తే లోపల గుజ్జు చితికి ఉంటుంది. ఈయన మెదడు అలాగే కదిలిపోయింది. కొంత సర్దుకోవచ్చు. పూర్తిగా రాదు. రాళ్ల పని ఇక చేయలేడు."

పనిలో దెబ్బ తగిలినవాడికి యజమాని పరిహారం ఇవ్వాలని సర్కారు చట్టం చేసిందని మాకు చెప్పింది ఆమే. దరఖాస్తు రాసిపెట్టి, తన సర్టిఫికెట్టు జోడించింది. మేడ్చల్ కచేరీలో ఇలాంటి దావాలు వినడానికి ఒక అధికారి వస్తాడని చెప్పింది. అప్పటిదాకా నాకు ఆ చట్టం గుత్తేదారు ఆఫీసు గోడకు అతికించిన ఉర్దూ కాగితం మాత్రమే. రోజూ దాని ముందే కూచున్నాను. ఒకసారీ చదవలేదు.

ఆ పరిహారం రాకపోతే ఏమవుతుందో అతని భార్య నాకు దాచకుండా చెప్పింది. మా భూములు కొన్న దొర దగ్గర ధాన్యం తెచ్చి తింటున్నారు. తీర్చలేకపోతే మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ ఇంట్లో కట్టుజీతానికి ఉండాలి. ఒకసారి ఆ వాకిట్లో దిగినవాళ్లు బతికుండగా బయటికి రారని ఊరందరికీ తెలుసు.

"ఆయినె ఇప్పుడు చెప్పిన పని చెప్పినట్టు చెయ్యలేడు," అంది. "చెప్పింది మర్శిపోతడు. గా వాకిట్ల మర్శిపోయినోన్ని ఏం జేస్తరో మీకెర్కనే. మా మామ మీ వాకిట్ల రాయి మోసిండు."

ఆ రాయి సంగతి నాకు తెలుసు. ఆమె నన్ను దెప్పడానికి అనలేదు. ఉన్నమాట అన్నది, అంతే.

విచారణ ఇంకో వారం ఉందనగా గుత్తేదారు మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. వెంట పట్నపు వకీలు ఉన్నాడు. బాపు కొత్త చాప పరిపించాడు. వకీలు మంచి మాటకారి. ముందు మా వంశం గురించి అడిగాడు, తాతముత్తాతల పేర్లన్నీ విన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"దొరవారూ, ఇందులో మీకు రావలసింది గౌరవమే. తలకు రక్షణగా యజమాని ఇచ్చినదాన్ని పనివాడు తన ఇష్టంతో తీసేస్తే పరిహారం లేదని ఆ చట్టంలోనే ఉంది. వాడెందుకు తీశాడు? మీ మీద ప్రేమతో తీశాడు. మీ ఊరు మీ చేతిలో లేదు. వాణ్ణి మీరు పిలవలేదు, అడగలేదు. ఐనా ప్రాణానికి తెగించి తలగుడ్డ తీశాడు. ఇంతటి మర్యాద ఈ తాలూకాలో ఇంకెవరికుంది? చిన్నవారు కచేరీలో ఆ మాట చెబితే చాలు. సర్కారు కాగితాల్లోకి ఎక్కుతుంది."

బాపు కళ్లు చెమర్చాయి. నేను ఆయన్ని అలా చూసి చాలా ఏళ్లయింది.

గుత్తేదారు మాత్రం ముక్తసరిగా మాట్లాడే మనిషి. "నేను వాణ్ణి తియ్యమనలె," అన్నాడు. "తియ్యద్దని హుకుం ఇచ్చిన. గుడ్డ నా పైసలతోని కొన్న. ఇంక నేనేం జెయ్యాలె చెప్పండ్రి."

అందులో అబద్ధం లేదు. అదే నాకు కష్టమైంది. గని తవ్వించేవాడు తల మీద గుడ్డ ఉండాలన్నాడు. తల మీద గుడ్డ ఉండరాదన్న హుకుం వేరే చోట నుంచి వచ్చింది. వాళ్లిద్దరి మధ్య నిలబడ్డది అతని తల.

వాళ్లు వెళ్లాక బాపు చాప చుట్టనివ్వలేదు.

"వకీలు మంచిగ చెప్పిండు," అన్నాడు. "నువ్వు గట్లనే చెప్పు."

"ప్రేమతోనే తీసిండా బాపు?"

"మరి దేనితోని తీసిండు? నా చేతుల ఏమున్నది ఇప్పుడు? నేనేమన్న కొడ్తనా, తిడ్తనా?"

"ఇప్పుడు కొట్టరు. మునుపు?"

ఆయన నావైపు చూశాడు. "మునుపటి ముచ్చట మునుపటిది," అన్నాడు. "నీ నోటెంట మన ఇంటి మాట బయటికి రావద్దు. మనకు మిగిలింది గదొక్కటే."

మా ఇంట్లో తండ్రికి ఎదురు చెప్పే అలవాటు లేదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పే అలవాటు కూడా లేదు. తాతగారు ఆస్తంతా పోగొట్టుకున్న వ్యాజ్యాల్లో ఒక్క తప్పుడు సాక్ష్యం చెప్పి ఉంటే సగమైనా మిగిలేదని మా దాయాదులే అంటారు. ఆయన చెప్పలేదు. ఆ గర్వం నాకు ఉగ్గుపాలతో పోశారు. ఇప్పుడు ఆ గర్వమే నన్ను రెండు వైపులకు లాగింది.

విచారణ రోజు కచేరీ వరండా అంతా గని పనివాళ్లే. అధికారి పెద్దవయసు ముసల్మాను. మెల్లగా మాట్లాడతాడు, ప్రతి జవాబూ తానే మరోసారి చెప్పి రాయిస్తాడు. ముందు మా ఊరివాణ్ణి పిలిచారు. భార్య అతనికి ఉతికిన ధోవతి కట్టించి తెచ్చింది. నెత్తి మీద గాయపు మచ్చ కూడా కనబడటం లేదు.

"నీకు దెబ్బ ఎట్ల తగిలింది?" అని అధికారి అడిగాడు.

"నాకు దెబ్బ దాకలే సర్కార్."

వరండాలో గుసగుసలు లేచాయి. భార్య తలెత్తింది. అతను ఎంతో మర్యాదగా, ఎదుటివాణ్ణి ఊరడిస్తున్నట్టు చెప్పుకుపోయాడు.

"మా ఆడిది ఊకె పరేషాన్ అయితది. నాకేం గాలే. రేపటి సంది పనికొస్త. గా మేస్త్రీకి ఒక్క మాట చెప్పుండ్రి."

వకీలు లేచి, ఇక తాను అడగవలసింది ఏమీ లేదన్నాడు. ఆ ఒక్క నిమిషంలో దావా పోయిందని నాకనిపించింది. తన వాదాన్ని తానే ఓడించుకున్నానని కూడా తెలియని మనిషి, కొలువు కుదిరినవాడిలా సంతోషంగా నిలబడి ఉన్నాడు.

డాక్టరమ్మ ముందుకు వచ్చింది. "అయ్యా, ఇది కూడా ఆ దెబ్బలో భాగమే," అంది. "చెయ్యి విరిగినవాడికి విరిగిందని తెలుస్తుంది. తెలుసుకునే చోటే దెబ్బ తింటే ఎలా తెలుస్తుంది? ఈయన్ని ఇప్పుడు ఎక్కడున్నాడో అడగండి."

అధికారి అడిగాడు. అతను చుట్టూ చూశాడు. కుర్చీలు, బల్ల, కాగితాలు, చప్రాసి. చాలాసేపు ఆలోచించాడు. "టేషన్," అన్నాడు. "రాయి ఎక్కియ్యాలె."

ఎవరూ నవ్వలేదు. అతని పాత స్నేహితుడు, ఎవరి మీదికైతే సుత్తి విసిరాడో అతను, గోడవైపు తిరిగాడు.

తర్వాత నన్ను పిలిచారు. కుర్చీ ఇచ్చారు. నిలబడే చెబుతానన్నాను. వకీలు నా దగ్గరికి చిరునవ్వుతో వచ్చాడు.

"గుడ్డ తీయరాదన్న హుకుం ఇతనికి తెలుసా?"

"తెలుసు. చదివి వినిపించింది నేనే."

"ఆ రోజు గుత్తేదారుగాని మేస్త్రీగాని తీయమన్నారా?"

"అనలేదు."

"మీ నాన్నగారు తీయమన్నారా?"

"అనలేదు."

"అంటే తన ఇష్టంతో, మీ ఇంటి మీద గౌరవంతో తీశాడు."

"లేదు," అన్నాను.

వకీలు చిరునవ్వు అలాగే ఉంది. ప్రశ్న అర్థం కాలేదనుకున్నాడేమో, మళ్లీ అడగబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, నన్నే చెప్పమన్నాడు.

నేను చెప్పాను. మా ఊళ్లో దొర ఎదుట తలగుడ్డ తీయడం ఇష్టాయిష్టాల మీద లేదని చెప్పాను. తీయనివాణ్ణి మా వాకిట్లో వంగబెట్టి, వీపు మీద రాయి పెట్టి, ఎండ వాలేదాకా ఉంచేవారని చెప్పాను. ఇతని తండ్రి ఒకసారి జ్వరంతో ఒళ్లు తెలియక తీయకపోతే ఆ శిక్ష వేశారని, వేసింది మా తాతగారని, అప్పుడు ఇతను పిల్లవాడని, తండ్రి రాయి మోస్తున్నంతసేపూ ఎదురుగా నిలబెట్టి చూపించారని చెప్పాను. నేను అప్పుడు అరుగు మీద అన్నం తింటున్నాను. అది కూడా చెప్పాను.

అధికారి అంతా రాయించి, అడిగాడు. "మీకు ఆ ఊరి మీద ఇప్పుడు అధికారం లేదు కదా. తీయకపోతే మీరు చేయగలిగింది ఏముంది?"

"ఏమీ లేదు."

"మరి ఎందుకు తీశాడంటారు?"

"హుకుం మాది. ఊరు విడిచి వచ్చేటప్పుడు మేము దాన్ని రద్దు చేసి రాలేదు."

వకీలు అందుకున్నాడు. "ఐతే తప్పు దొరలది. గుత్తేదారుది ఎలా అవుతుంది?"

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. అధికారే చెప్పాడు. తప్పు ఎవరిదన్నది ఈ చట్టం అడగదు, దెబ్బ పనిలో తగిలిందా, పనివాడు బుద్ధిపూర్వకంగా రక్షణ తీసేశాడా అని మాత్రమే అడుగుతుంది అన్నాడు. తీర్పు తర్వాత చెబుతామని లేచాడు.

నేను కచేరీ నుంచి నేరుగా ఇంటికి నడిచాను. ఇంకెవరో చెప్పేలోగా బాపుకు నేనే చెప్పాలి. ఆయన అరుగు మీద కూచొని ఉన్నాడు, మంచి అంగీ వేసుకున్నాడు. కచేరీ నుంచి ఎవరైనా వచ్చి కలుస్తారని కాబోలు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

అక్కడ చెప్పినదంతా అదే వరసలో, ఒక్క మాట తగ్గించకుండా ఆయనకు చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అడిగాడు.

"రాయి ముచ్చట గూడ?"

"గది గూడ."

"నేను పెట్టలే. మీ తాత పెట్టిండు."

"తాత పెట్టిండనే చెప్పిన."

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని రోడ్డువైపు చూశాడు. స్టేషనుకు బండ్లు పోతున్నాయి. "వానికి జరమున్నదని నాకెర్క," అన్నాడు. "నాయినకు చెప్పిన. ఇనలె." తర్వాత లేచి లోపలికి వెళ్లి అంగీ విప్పి మడతపెట్టాడు.

ఆ విషయం మా మధ్య మళ్లీ రాలేదు. నన్ను ఆయన మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. అన్నం దగ్గర మాత్రం చాలా కాలం నా ముఖం చూడలేదు.

గుత్తేదారు మర్నాడే నా పని తీసేశాడు. అతని మీద నాకు కోపం రాలేదు. నేను మిషన్ బడిలో ఉర్దూ చెప్పే పనికి కుదిరాను. బాపు దాన్ని పని అనే ఒప్పుకున్నాడు.

తీర్పు వానాకాలం మొదట్లో వచ్చింది. భయంతో ఒంటికి పట్టిన అలవాటు బుద్ధిపూర్వకంగా చేసిన పని కాదని, తల లోపలి దెబ్బ కూడా దెబ్బేనని, ఈ మనిషి ఆ పనికి శాశ్వతంగా పనికిరాకుండా పోయాడని అధికారి రాశాడు. పరిహారం ఇవ్వాలన్నాడు. గుత్తేదారు పట్నంలో పైకచేరీకి పోతానన్నాడు గాని పోలేదు. యుద్ధం అయిపోతున్నది, అతను గని మూసే ఆలోచనలో ఉన్నాడు.

డబ్బు చేతికొచ్చాక మా ఊరివాడి భార్య ఒకసారి మేడ్చల్ వచ్చింది. ఈసారి అరుగు ఎక్కింది. కూచోలేదు.

"దొర ధాన్యం దీరినయ్," అంది. "చెరువు ఎనుక చెలక కొంత కౌలుకు దీస్కున్న. ఇగ మేం ఎవ్వల ఇంట్ల జీతముండం."

"మంచిది," అన్నాను. "ఆయన ఎట్లున్నడు?"

"ఉన్నడు. డాక్టరమ్మ ఏమో కొంత సర్దుకుంటదన్నది. కొంత సర్దుకున్నది. నన్ను గుర్తువడ్తడు. కోపమొస్తే బయటికి పోయి కూసోమన్న, పోయి కూసుంటడు. నవ్విచ్చుడే లేదు చిన్నదొరా. గా మాటలు యాడికి వొయినయో." నాకు దండం పెట్టలేదు. నాకేదో రుణపడ్డట్టు మాట్లాడనూ లేదు. చెప్పవలసింది చెప్పి, మధ్యాహ్నపు ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె సరిగ్గానే చేసిందని నాకు తోచింది.

ఆ తర్వాతి ఏడు బడి పని మీద షామీర్‌పేట వెళ్లినప్పుడు చెరువు వెనక దారిన వచ్చాను. ఆ చెలక, వాన మీదే పండే మెట్టచేను, కనిపించింది. జొన్న మోకాలెత్తు పెరిగింది. ఆమె ఒక కొసన కలుపు తీస్తున్నది. అతను ఇంకో కొసన నేల మీది రాళ్లు ఏరుతున్నాడు. ఒక్కొక్క రాయి తీసుకొని రెండు చేతులతో తిప్పి చూసి, గట్టు మీదికి మోసుకుపోయి, ముందు పెట్టినదాని పక్కన ఆనించి పెట్టి వస్తున్నాడు. పొద్దున లేవగానే గనికి బయల్దేరేవాడట. ఎంత చెప్పినా వినకపోతే, చేను నిండా రాళ్లున్నాయి, ఇదే గని అని ఆమె చెప్పింది. ఆ పని అతనికి పట్టింది.

"చేను మస్తు సాఫ్ అయింది," అంది ఆమె, నడుము ఎత్తకుండానే. "పనైతే చేస్తాండు."

అతను నన్ను చూశాడు. ఎవరో దారిన పోయే మనిషిని చూసినట్టు చూసి, మళ్లీ వంగి ఇంకో రాయి ఏరుకున్నాడు. గట్టు పొడుగునా అవి ఒకే ఎత్తులో, ఒకదానికొకటి తాకుతూ, చెరువు కట్టదాకా పోయాయి.